వెండి కట్టు పైపు

పొగ తాగే పైపును వేడిగా ఉన్నప్పుడు విడదీయకూడదు. వేడికి కర్ర ఉబ్బి ఉంటుంది. అప్పుడు నోటి గొట్టం పట్టి లాగితే మెడ దగ్గర చీలిపోతుంది. పెళ్ళయి మారికుప్పం బంగారు గని కూలీల లైను ఇంట్లో అడుగుపెట్టిన మూడో నెలలో మా మామ నాకు నేర్పిన మొదటి సంగతి ఇదే. వంట సంగతులు అత్త చెప్పింది, పైపు సంగతులు మామ చెప్పాడు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ పనికి ఇంట్లో ఇంకొకరి చేతులు కావలసి వచ్చాయి.

మామ గనిలోకి దిగినవాడు కాదు. తెల్లదొరల కాలంలో ఒక కెప్టెన్ బంగళాలో బట్లరుగా పనిచేశాడు. ఆ దొరకు తొమ్మిది పైపులు ఉండేవట. రోజుకొకటి కాల్చి, కాల్చినదాన్ని మళ్ళీ తన వంతు వచ్చేదాకా ముట్టుకునేవాడు కాదట. తొమ్మిదింటినీ శుభ్రం చేయడం మామ పని. కొత్తలో ఒకసారి తొందరపడి వేడి మీద లాగి ఒకదాని మెడ చీల్చాడు. దొర దాన్ని సీమకు పంపి వెండి కట్టు వేయించాడు. గనులు సర్కారు చేతికి పోయిన ఏడాది ఓడెక్కబోతూ దాన్నే మామ చేతిలో పెట్టాడు.

"నువ్వు చీల్చింది నువ్వే ఉంచుకో అన్న్యాడమ్మా, అంత మంచోడు" అని చెప్పి నవ్వేవాడు మామ.

శుభ్రం చేయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు బూడిద దులపాలి. కానీ గిన్నె లోపల పట్టిన నల్లటి మసిని పూర్తిగా గీకేయకూడదు. అది రూపాయి బిళ్ళ మందాన ఉంటేనే కర్ర కాలకుండా నిలుస్తుంది. అంతకన్నా మందమైతే లోపలి నుంచి గిన్నెను పగలగొడుతుంది. చీపురు పుల్లకు దూది చుట్టి, సారాయిలో ముంచి, దూది తెల్లగా బయటికి వచ్చేదాకా గొట్టంలో తిప్పాలి. నీళ్ళు తగలనీయకూడదు. నల్లటి గట్టి రబ్బరు నోటి గొట్టాన్ని ఎండలో పెడితే పచ్చబారి గంధకం వాసన కొడుతుంది. వెండిని చింతపండుతో తోమితే ముద్రలు అరిగిపోతాయి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ ముద్రలను మామ నా వేలు పట్టుకుని తడిమించాడు. ఒక కాలెత్తి నడుస్తున్న సింహం, దాని పక్కన లంగరు, ఆ పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం. అప్పట్లో నాకు ఏ భాషలోనూ అక్షరాలు రావు. అది నాకు విరిగిన కొడవలిలా కనిపించేది. గిన్నె అంచుకు ఒక పక్క కాలిన మచ్చ ఉండేది, దొర అగ్గిపుల్ల ఎప్పుడూ అటువైపే పెట్టేవాడట. గొట్టం చివర కింది భాగంలో పంటి గాటు ఉండేది.

"మనిషిని గుర్తు పట్టినట్ల దీన్ని గుర్తు పట్టల్ల సెలీనమ్మా" అనేవాడు మామ. "నూరు పైపుల్లో కలిసిపొయినా ఏరుకోని రావల్ల."

నేను ఏరుకోగలిగేదాన్ని. ఆ విషయంలో నా తప్పు లేదు.

మామ పోయాక పైపు నా భర్త విల్సన్‌ది అయింది. విల్సన్ గనిలో దుంగలు పేర్చి కప్పు నిలబెట్టే పని చేసేవాడు. బీడీలు విప్పి ఆ ఆకును పైపులో కూరి కాల్చేవాడు. దొర పొగాకు వాసన పోయి ఇంటినిండా బీడీ కంపు. "ఆ కెప్టెన్ దొర సమాధిలో బోర్లా పడుకోని ఉంటాడు" అని నేను అంటే, "పడుకోనీలే, వీపైనా గాలికి ఆరుతుంది" అనేవాడు.

రెండువేల ఒకటిలో గని మూసేశారు. విల్సన్ అయిదేళ్ళు ఏవేవో పనులు చేశాడు. రాబర్ట్‌సన్‌పేటలో సినిమా హాలు దగ్గర సైకిళ్ళకు కాపలా కాశాడు. శ్రీనివాసపురంలో మామిడి లారీలకు బుట్టలెత్తాడు. అయిదో ఏడు నాగేశ్‌తో కలిసి మూసేసిన గనిలోకి దొంగతనంగా దిగడం మొదలుపెట్టాడు. బంగారం తీశాక మిగిలిన మన్ను పోసిన సైనైడ్ దిబ్బ వెనకాల వాలుగా లోపలికి పోయే పాత సొరంగం ఒకటి ఉండేది. అందులోంచి దిగి, కంపెనీ వదిలేసిన రాగి కేబుల్ కోసుకుని పైకి తెచ్చేవాళ్ళు.

నాగేశ్‌ది ఆవని దగ్గర పల్లె. గని చివరి సంవత్సరాల్లో విల్సన్ ముఠాలోనే కూలిగా చేశాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నడుముకు కట్టుకున్న ఆకువక్క సంచి విప్పి ఒళ్ళో పెట్టుకుని, సున్నం రాసుకుంటూ మాట్లాడేవాడు. "ఏమప్పా, నోరా అది, కోడిని కోసిన బండా?" అని విల్సన్ ఎగతాళి చేసేవాడు. "నీ రైలింజన్ నోటి కంటే మేలేలే" అనేవాడు నాగేశ్. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు. ఇద్దరికీ గని కాలం నాటి ఖాకీ బట్టలే.

ఆ ఏడు ఆషాఢంలో వానలు బాగా పడ్డాయి. ఇద్దరూ ఒక సోమవారం పొద్దున దిగారు, తిరిగి రాలేదు. సొరంగంలో నీళ్ళు నిండిపోయాయి. పదకొండో రోజు నీళ్ళు కొంచెం తగ్గాక, కేబుల్‌కు పోయిన వేరేవాళ్ళు ఒక శవాన్ని చూశారు. ఒక్కటే ఉంది.

పోలీసు స్టేషన్ వెనక రేకుల కొట్టంలో చాప మీద పెట్టారు. ముఖం లేదు. పదకొండు రోజులు నీళ్ళలో ఉన్న మనిషికి ఏముంటుందో నేను రాయను. నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఇన్‌స్పెక్టర్ మంచివాడే, నన్ను లోపలికి రమ్మని బలవంతం చేయలేదు. పేపరు పొట్లం తెచ్చి నా ముందు విప్పాడు.

"బాడీ మీద ఇది దొరికిందమ్మా. చూడు."

పైపు. గిన్నె వేరు, నోటి గొట్టం వేరు, రెండు ముక్కలుగా ఉంది. గొట్టం పచ్చబారింది. నేను వెండి కట్టు మీద వేలు పెట్టాను. సింహం, లంగరు, విరిగిన కొడవలి. అంచు మీద కాలిన మచ్చ.

"మాదే" అన్నాను.

"ఒంటి మీద ఇంగ ఏమైనా గుర్తు ఉండాదా? మచ్చ, గాయం?"

"ఇంగ గుర్తు ఏంటికి సార్? ఇది ఆయనది. ఆయన దీన్ని ఎవరికీ ఇయ్యడు."

ఆయన రాసుకున్నాడు. నేను వేలిముద్ర వేశాను. మరుసటి రోజు మా సమాధుల తోటలో పాతిపెట్టి, విల్సన్ పేరుతో రాయి నిలబెట్టారు.

అంత్యక్రియలైన మూడో రోజు పైపు ముందేసుకుని కూర్చున్నాను. ఏడవడానికి చేతిలో పని ఒకటి కావాలనిపించింది. గొట్టం దూరే మెడలో, వెండి కట్టు కింద, గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంది. అక్కడక్కడ ఎర్రటి చార. గని మన్ను అనుకున్నాను. ఆ దిబ్బల మట్టి ఎండితే తెల్లగానే ఉంటుంది. ఎరుపు గురించి ఆలోచించలేదు, వెండి కింద ఏదో తుప్పు అనుకున్నాను. పిన్నీసుతో గీకాను, సారాయితో కడిగాను, దూది తెల్లగా వచ్చేదాకా తిప్పాను. గొట్టాన్ని నూనె గుడ్డతో నాలుగు రోజులు రుద్ది మళ్ళీ నలుపు తెచ్చాను. మామ ఉంటే మెచ్చుకునేవాడు.

తర్వాత బస్సెక్కి నాగేశ్ ఊరికి పోయాను.

శవం ఒక్కటే దొరికింది కాబట్టి రెండోవాడు పైకి వచ్చి పారిపోయాడని అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను. నాగేశ్ భార్య సుమ వాకిట్లో రాగులు చెరుగుతోంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. నేను వీధిలో మన్ను దోసిళ్ళతో ఎత్తి ఆమె మీద, ఆ రాగుల మీద పోశాను.

"నా మొగుణ్ణి నీళ్ళలో వదిలేసి పారిపొయినాడు నీ మొగుడు. వాడు యాడున్నా కుళ్ళిపోవల్ల. నువ్వు బొట్టు పెట్టుకోని ఎదురు చూస్తానే ముసిల్దానివి కావల్ల."

ఊరంతా చూసింది. సుమ చేటలోంచి మన్ను ఏరుతూ కూర్చుంది. ఆమె అత్త సొన్నమ్మ మాత్రం "నా కొడుకు అట్లాటోడు కాదు, అట్లాటోడు కాదు" అని గుంజను పట్టుకుని అరుస్తూనే ఉంది.

నా మాటే ఆ ఊళ్ళో నాగేశ్ పేరయింది. పారిపోయినోడు. తొమ్మిదేళ్ళలో సుమ గురించి నా చెవిన పడిన సంగతులన్నీ సంతోషంగానే విన్నాను, అది దాచను. పట్టుపురుగుల కొట్టాల్లో ఆమెను కూలికి పిలవడం లేదని, పారిపోయినోడి పెళ్ళాం చెయ్యి తగిలితే పురుగు గూడు కట్టదని అంటున్నారని విన్నాను. తిరుపతిలో ఎవరో నాగేశ్‌ను చూశామంటే అత్తాకోడళ్ళు పోయి పది రోజులు సత్రాల్లో వెతికి వచ్చారని విన్నాను. బెంగళూరు మార్కెట్లో మూటలు మోసేవాళ్ళ ముఖాలు చూసుకుంటూ సుమ ఒక్కతే తిరిగిందని విన్నాను. పుట్టింటివాళ్ళు ఇంకో పెళ్ళి చేస్తామంటే, చచ్చినట్టు తెలియకుండా ఎట్లా అని సొన్నమ్మ ఒప్పుకోలేదట. సుమ కూడా ఒప్పుకోలేదట.

నేను మాత్రం విధవగా గౌరవంగా బతికాను. ఆదివారం సమాధికి పూలు పెట్టేదాన్ని. చర్చిలో ఆడవాళ్ళకు పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకుని, రాతి మీద పేరు సొంతంగా చదువుకునేదాన్ని. నెలకొకసారి పైపు తీసి తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని.

తొమ్మిదో ఏడు గాడ్విన్ లైనుకు తిరిగి వచ్చాడు. అతనూ గనివాడే, విల్సన్‌కు దోస్తు, విల్సన్‌కంటే ముందు నుంచే కేబుల్‌కు దిగినవాడు. ఆ వానలకు రెండు నెలల ముందే బెంగళూరులో వాచ్‌మన్ పని దొరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము తిరగబడి, పనికి రావద్దన్నారట. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయేవాడు. మధ్యాహ్నం వేళ మా వాకిట్లో నీడకు వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు నేను అక్కడే పైపు తుడుస్తున్నాను.

"అది విల్సన్ పైపే కదా వదినా" అన్నాడు.

"ఊఁ."

"ఎవరు తెచ్చిచ్చినారు?"

"ఎవరు తెస్తారు? పోలీసులు ఇచ్చినారు. బాడీ మీద దొరికింది."

అతను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. దగ్గు వస్తోందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే నా చేతుల వైపే చూస్తున్నాడు.

"బాడీ మీద అంటే... విల్సన్ బాడీ మీదనా?"

"మరి ఎవరి మీద? దీన్ని చూసే కదా గుర్తు పట్టింది."

"అయ్యో వదినా" అన్నాడు గాడ్విన్. "విల్సన్ బాడీ మీద విల్సన్ పైపు ఉండకూడదే."

నాకు అర్థం కాలేదు. అతను ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ చెప్పాడు. గని నడిచే రోజుల్లో ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి టోకెన్ ఉండేది. దిగేముందు దాన్ని పైన బోర్డుకు తగిలించేవాళ్ళు, ఎక్కాక తీసుకునేవాళ్ళు. బోర్డు మీద టోకెన్ మిగిలితే ఒక మనిషి కింద ఉన్నట్టు. ఆ సంగతి నాకు తెలుసు. గని మూసేశాక దొంగతనంగా దిగేవాళ్ళకు బోర్డూ లేదు, టోకెనూ లేదు. ఒకడు కింద చిక్కుకుంటే ఇంకొకడు భయపడి పారిపోవచ్చు. అందుకని కుదువ పెట్టుకునేవాళ్ళట. సొరంగం నోటి దగ్గర ఇద్దరూ తమ ఒంటి మీది వస్తువుల్లో ఇంటివాళ్ళు చూడగానే గుర్తుపట్టేది ఒకటి తీసి మార్చుకునేవాళ్ళు. ఇద్దరూ ఎక్కి వస్తే ఎవరిది వాళ్ళకు. ఒక్కడే ఎక్కి వస్తే, రెండోవాడి వస్తువును వాడి ఇంటికి తానే తీసుకుపోయి ఇచ్చి జరిగింది చెప్పాలి.

"ఆడోళ్ళకు చెప్పేవాళ్ళం కాదు వదినా. చెడు శకునం అని. నాతో దిగినప్పుడు విల్సన్ నాకు ఇచ్చిందీ ఈ పైపే. నాగేశ్ చేతి వెండి కడియం ఇచ్చేవాడు."

"లేదు" అన్నాను. "ఆయన దీన్ని ఎవరికీ ఇయ్యడు."

"ఇయ్యని వస్తువైతేనే కదా కుదువ."

"ఆ రోజు మార్చుకోకుండా దిగింటారు."

"దిగింటారేమో" అన్నాడు. నా ముఖం చూసి అన్న మాట అది. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "పోలీసులు ఇచ్చినప్పుడు పైపు ఎట్ల ఉండింది? ఒకటిగా ఉండిందా, ఇప్పదీసి ఉండిందా?"

నేను పైపు మెడ మీద వేలు పెట్టాను.

విల్సన్ దాన్ని ఎప్పుడూ విడదీయకుండానే జేబులో పెట్టుకునేవాడు. విడదీసేది నేనొక్కదాన్నే, అదీ శుభ్రం చేసేటప్పుడు. జేబులో పెట్టుకునేవాడికి విడదీయాల్సిన పనేమీ లేదు. చిన్న సంచిలో కుక్కుకోవాల్సినవాడు మాత్రం రెండు ముక్కలు చేసుకోవాలి. నాగేశ్ నడుముకు కట్టుకునే ఆ సంచిలో ఆకులుంటాయి, వక్కలుంటాయి, సున్నం కాయ ఉంటుంది. పైపు ఎందులోంచి తీశారని ఇన్‌స్పెక్టర్‌ను నేను అడగనే లేదు. ఆ తెల్లటి పొర గని మన్ను కాదు. ఆ ఎర్రటి చార తుప్పు కాదు. సున్నం నీళ్ళలో కరిగి పైపు మెడలోకి దిగి గట్టిపడింది. పిన్నీసుతో గీకింది నేను. సారాయితో కడిగింది నేను.

"గాడ్విన్, దూది తెల్లగా వచ్చేదాకా తుడిచినానప్పా" అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు చెప్పాలనుకునేదాన్ని, ఇంకో రోజు గాడ్విన్‌కు జబ్బుతో మతి చెడిందని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. చెప్తే నాకు సమాధి ఉండదు. చెప్పకపోతే సుమకు ఈ జన్మకు మొగుడి జాడ తెలియదు. ఆదివారం పూలు తీసుకుని పోయాను. ఆ రాయి ముందు నిలబడి ఎవరికి పెట్టాలో తెలియక పూలు చేతిలో పట్టుకునే తిరిగి వచ్చాను. మరుసటి రోజు పైపును గుడ్డలో చుట్టుకుని ముళబాగిలు బస్సెక్కాను.

సొన్నమ్మ నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. వాకిట్లో ఆవుకు గడ్డి వేస్తోంది. నడుం వంగిపోయింది గానీ గొంతు తగ్గలేదు.

"ఏం తల్లీ, మళ్ళా మన్ను పొయ్యను వచ్చినావా? ఈసారి బుట్ట తెచ్చుకోనుంటివి కదా, చేతులు నొయ్యవు."

"అమ్మా, సుమతో మాట్లాడల్ల."

"ఏం మిగిలింది మాట్లాడను? అంతా ఆ పొద్దే మాట్లాడితివే."

సుమ ఇంట్లోంచి వచ్చింది. ముఖాన పెద్ద బొట్టు, చేతులనిండా ఎర్ర గాజులు. ముప్పై ఒక్క ఏళ్ళకే కళ్ళ కింద నల్లబడింది. "కూర్చోక్కా" అంది. ఆ "అక్కా" అన్న మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

గుడ్డ విప్పి పైపును నేల మీద పెట్టాను. గాడ్విన్ చెప్పిందంతా చెప్పాను. టోకెన్ల దగ్గర మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పాను. రెండు ముక్కలుగా ఉందని, తెల్లగా పట్టి ఉందని, ఎర్రటి చార ఉందని.

"ఎర్రగా ఉన్నిందా?" అని అడిగింది సుమ.

"ఉన్నింది."

"యాడుండాది ఇప్పుడు?"

"తుడిచేసినాను."

ఆమె పైపును చేతికి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో తెలియక పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. గిన్నెలో వేలు పెట్టి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. బీడీ వాసన తప్ప ఏముంటుంది అందులో.

"అబద్ధం" అంది సొన్నమ్మ. "నా కొడుకు తిరుపతిలో ఉండాడు. చూసినోళ్ళు ఉండారు. ఎవరి పీనుగనో తెచ్చి నా కొడుకంటావుండాది ఇది."

"అత్తా" అంది సుమ.

"తొమ్మిదేండ్లు కాచినాను. ఇంగా కాస్తాను. నీకేం పొయ్యింది?"

"అత్తా, కడియం ఇచ్చినాడా లేదా? చేతిలో కడియం లేకుండా దిగినాడని నువ్వే చెప్పినావు కదా. దిగుతా ఉంటే మేకలోడు చూసినాడని, చేతులు బోడిగా ఉన్నాయని. అమ్ముకోని పారిపొయ్యేదానికే తీసినాడని ఊరోళ్ళు అన్న్యారు కదా."

సొన్నమ్మ ఆవు పక్కన కింద కూర్చుండిపోయింది. ఆవు ఆమె చేతిలోని గడ్డిని లాక్కుని తింటూనే ఉంది.

 సుమ పైపును గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీది అక్కా. నా మొగుడు నీ ఇంటికి చేర్చినాడు. చచ్చి అయినా చేర్చినాడు." గొంతు పెంచలేదు. "నా మొగుడి కడియం యాడుండాది?"

నేను ఒళ్ళోని గుడ్డ మూటను రెండు చేతులతో పట్టుకున్నాను.

"నీ మొగుడి దగ్గర ఉండల్ల కదా. ఆయన యాడుండాడు?"

"కిందనే... కిందనే ఉంటాడమ్మా. నీళ్ళలో."

"ఒక్కడు పైకొచ్చినాడని నువ్వే చెప్పినావు ఆ పొద్దు. ఊరంతా విన్న్యారు. నీళ్ళు తగ్గినాంక వెతికిన వాళ్ళకు ఒకటే దొరికింది అన్న్యావు. రెండోవాడు పారిపొయినాడు అన్న్యావు."

"సుమా..."

"నేను అనడం లేదక్కా. నువ్వు అన్న మాట నీకు చెప్తావుండాను."

ఆమె మన్ను ఎత్తి నా మీద పోసి ఉంటే బాగుండేది. అలాంటిదేమీ చేయలేదు. లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగాను.

పాస్టరు అంతా విని, రిజిస్టరు మార్చడం తన చేతిలో లేదన్నాడు. రాయి విషయంలో మాత్రం అడ్డు చెప్పలేదు. సమాధిని తవ్వవద్దని సుమే అంది. తొమ్మిదేళ్ళు పడుకున్నవాణ్ణి లేపడం ఎందుకంది. వాళ్ళలో చనిపోయిన మూడో రోజు సమాధి మీద పాలూ నెయ్యీ పోస్తారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక బుధవారం అత్తాకోడళ్ళు ఇత్తడి చెంబుతో మా సమాధుల తోటకు వచ్చారు. చుట్టూ సిలువలు. సొన్నమ్మ వాటిని చూసి కాసేపు బిత్తరపోయింది. తర్వాత కొంగు బిగించి, నేల మీద కూర్చుని పాలు పోసింది. "ఇంత దగ్గర్లో ఉంటివేరా. ముళబాగిలు బస్సుకు రెండు గంటలు కదరా. నేను తిరుపతిలో వెతికితిని కదరా" అని కొడుకును తిట్టింది. సుమ సమాధి అంచుకున్న రాయి మీద చేతులు ఆనించి గాజులు పగలగొట్టుకుంది. ఒక ముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం వచ్చింది. నేను తుడవబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

రాళ్ళు చెక్కే ఓబలప్ప ఉలి, సుత్తి తీసుకుని వచ్చి ఉన్నాడు. పాత పేరు పక్కన కొత్త పేరు చెక్కాలా, పాతది తీసేయాలా అని అడిగాడు.

"తీసెయ్యప్పా" అంది సొన్నమ్మ. "నా కొడుకు ఒక్కడే ఉండాడు దీంట్లో."

ఓబలప్ప నా వైపు చూశాడు. నేను తల ఊపాను. గ్రానైటు రాయి గనక చాలాసేపు పట్టింది. విల్సన్ పేరు రాతిపొడిగా రాలి సమాధి మీది పాలల్లో పడింది. తర్వాత ఆ చోటును నునుపు చేసి నాగేశ్ పేరు, తేదీ చెక్కాడు. పుట్టిన సంవత్సరం సొన్నమ్మకు తెలియదు, అది వేయలేదు.

ఆ వారంలోనే సంగతి లైను అంతా పాకింది. గాడ్విన్ ఎవరికీ చెప్పలేదని నాకు తెలుసు. చెప్పాల్సిన అవసరం ఏముంది, రాయి ఉంది కదా. కొళాయి దగ్గరికి బిందె తీసుకుని పోతే అప్పటిదాకా మాట్లాడుతున్నవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఒకరోజు డయానా, మా పక్కింటి పిల్ల, బెంగళూరు నుంచి వచ్చి "ఆంటీ, మెజెస్టిక్ బస్టాండులో అంకుల్ లాగా ఒకాయన్ని చూసినాను" అంది. పాపం మంచి ఉద్దేశంతోనే చెప్పింది. ఆ రాత్రంతా కూడబెట్టుకున్న ధైర్యంతో మరునాడు బస్సెక్కాను. మూడు రోజులు ఆ బస్సుల మధ్య తిరిగాను. అరవై దాటిన మగవాడు ఎవరు కనిపించినా ముందు చేతి మణికట్టు చూశాను, కడియం ఉందేమోనని. లేకపోతే తర్వాత ముఖం చూశాను.

గాడ్విన్‌ను అడిగాను. చావుబతుకుల్లో ఉన్న మనిషిని అడగకూడదు, అయినా అడిగాను. "విల్సన్ పారిపొయ్యే మనిషేనా అప్పా? నీకు తెలుసు కదా. నీతో దిగినోడు."

అతను చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కింద నీళ్ళు వచ్చినప్పుడు ఎవరు ఎట్లాటోడో ఎవరికీ తెలీదు వదినా" అన్నాడు. "నేనైతే పారిపొయ్యుంటాను." తర్వాత పది రోజులకు పోయాడు.

సొరంగం నోటికి ఇప్పుడు సిమెంటు పలక వేసేశారు. దాని మీద మేకలు పడుకుంటాయి. నేను అప్పుడప్పుడు అక్కడికి పోయి కూర్చుంటాను. విల్సన్ నాగేశ్ చెయ్యి కోసం నీళ్ళలో వెతుకుతూ ఉంటే సొరంగం కప్పు కూలిందని, లోతుగా ఉన్న చోట పడి ఎవరికీ దొరకలేదని అనుకుంటాను. అలా అనుకున్నంతసేపూ ఊపిరి ఆడుతుంది. ఇంటికి వచ్చి మోకరిల్లినప్పుడు మాత్రం ఏమి అడగాలో నాకు తెలుసు. దేవా, ఆయన పైకి రాకుండా ఉండాలి. ఆ నీళ్ళలోనే, ఆ సోమవారమే ప్రాణం పోయి ఉండాలి. చేతికి ఆ కడియం ఉండాలి. ఎవరి కోసం తొమ్మిదేళ్ళు ఏడ్చానో ఆ మనిషి గురించే ఇలా అడుగుతున్నందుకు క్షమించమని కూడా అడుగుతాను. రోజూ అడుగుతాను.